క్యాన్సర్ రోగి నొప్పి: గడ్డది ఎంత, మిగతావాటిది ఎంత?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరి, ఇంట్లోనే మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు) మాత్రలు వాడుతున్న ఒక పెద్దావిడకు పొత్తికడుపు నొప్పి పెరిగిందనుకుందాం. కొడుకు ఆసుపత్రికి ఫోన్ చేస్తాడు. జబ్బు ముదిరిందని అందరికీ తెలుసు కాబట్టి మాత్ర మోతాదు పెంచమంటారు. ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. రెండు రోజులకు నొప్పి మునుపటి కంటే ఎక్కువగా, మెలిపెట్టినట్టు వచ్చి పోతుంటుంది. మళ్లీ మోతాదు పెంచుతారు. ఈసారి వాంతులు కూడా మొదలవుతాయి. జబ్బు కడుపంతా పాకిందని ఇంట్లోవాళ్లు గుండె దిటవు చేసుకుంటుంటారు. అప్పుడు ఇంటికి వచ్చిన నర్సు కడుపు మీద చెయ్యి వేసి చూస్తే, ఎడమవైపు కింద గట్టి ఉండలు వేళ్లకు తగులుతాయి. విరేచనం అవుతోందా అని అడిగితే, రోజూ కొంచెం కొంచెం నీళ్లలా పోతూనే ఉందంటారు. అది విరేచనం కాదు. లోపల రాయిలా బిగుసుకున్న మలం పక్కనుంచి జారిపోతున్న నీరు. అసలు విరేచనమై తొమ్మిది రోజులు దాటింది. ఎనీమా ఇచ్చి, విరేచనాల మందు మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గుతుంది, మార్ఫిన్ పాత మోతాదుకు దిగివస్తుంది.

ఇది అరుదైన సంగతేమీ కాదు. పాలియేటివ్ కేర్‌లో, అంటే ముదిరిన జబ్బులో బాధ తగ్గించే వైద్యంలో, పనిచేసే ఏ నర్సును అడిగినా ఇలాంటివి పది చెబుతారు. ఆవిడకు క్యాన్సర్ ఉన్నమాట నిజం, నొప్పి ఉన్నమాట నిజం. ఆ వారం ఆవిడను బాధపెట్టినది మాత్రం గడ్డ కాదు, గడ్డ నొప్పికి ఇచ్చిన మందు. మార్ఫిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. ఆ మందు తెచ్చే మగతకూ వికారానికీ శరీరం కొద్దిరోజుల్లో అలవాటుపడుతుంది కానీ మలబద్ధకానికి ఎన్నాళ్లైనా అలవాటుపడదు. అందుకే మార్ఫిన్ చీటీ రాసిన రోజే బిసకొడిల్ లాంటి విరేచనాల మందు కూడా రాయాలన్నది ఈ రంగంలో తొలి పాఠం. వాంతులు ఆపే ఆండాన్‌సెట్రాన్, ఐరన్ మాత్రలు, మంచంలో కదలకుండా పడుకోవడం, తక్కువ తిని తక్కువ తాగడం, అన్నీ కలిసి మలబద్ధకాన్నే పెంచుతాయి.

1982లో బ్రిటన్ వైద్యుడు రాబర్ట్ ట్వైక్రాస్, తన సహచరుడితో కలిసి, నొప్పితో ఉన్న 100 మంది ముదిరిన క్యాన్సర్ రోగులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని శరీరంలో ఎక్కడెక్కడ నొప్పి ఉందో గుర్తించారు. మొత్తం 303 నొప్పులు లెక్కకు వచ్చాయి. 80 మందికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల నొప్పి ఉంది. 34 మందికి నాలుగు, అంతకంటే ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ వల్ల వచ్చినవే అయినా, అన్నీ కావు. కండరాల పట్టేతలు, మలబద్ధకం, పాత కీళ్ల నొప్పులు, చికిత్స మిగిల్చిన నొప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఆ లెక్క నేర్పిన విషయం చాలా సూటిగా ఉంటుంది. ‘నొప్పి ఎలా ఉంది?’ అన్న ప్రశ్న చాలదు. ‘ఎన్ని నొప్పులున్నాయి?’ అని అడగాలి. పాలియేటివ్ కేర్ క్లినిక్కుల్లో ముందూ వెనకా మనిషి బొమ్మ గీసి ఉన్న కాగితం మీద నొప్పులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం అందుకే. మూడో నొప్పికి పనిచేసే మందు ఒకటో నొప్పికి పనిచేయకపోవచ్చు.

మన దగ్గర ఈ సంగతి మీద మనసు పెట్టే తీరిక ఇన్నాళ్లూ దొరకలేదు, దానికి తగిన కారణమే ఉంది. 1985లో మాదక ద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల మీద లైసెన్సులు కావలసి వచ్చి, చాలా ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టడమే మానేశాయి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నొప్పి మందుల మెట్ల పద్ధతిని (తేలిక మందు చాలకపోతే మెట్టు మెట్టుగా మార్ఫిన్ దాకా వెళ్లడం) ప్రకటించేసరికి మన దేశంలో పై మెట్టు మీద మందే కరువైంది. 1993లో కేరళలోని కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన క్లినిక్ నుంచి 2014లో చట్ట సవరణ వరకు సాగిన శ్రమంతా ఆ మందును రోగి చేతికి చేర్చడానికే. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం, తెలంగాణ జిల్లాల్లో ‘ఆలన’ పేరుతో నడుస్తున్న కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఆ శ్రమకు కొనసాగింపే. మందు దొరకని చోట దాన్ని ఆచితూచి వాడడం గురించి మాట్లాడితే అర్థం ఉండదు. ఇప్పుడు కొన్ని చోట్లయినా మందు దొరుకుతోంది. కాబట్టి తర్వాతి ప్రశ్న అడగవచ్చు, అడగాలి: ఈ నొప్పి ఎక్కడిది?

ఆ ప్రశ్నకు అడ్డం పడే మాట ఒకటుంది: ‘క్యాన్సర్ కదా, నొప్పి ఉంటుంది.’ బంధువులు అంటారు, కొందరు వైద్యులూ అంటారు, చివరికి రోగే అంటాడు. ఆ మాటతో వెతకడం ఆగిపోతుంది. దీనికి ఎదురు తప్పు కూడా మన ఇళ్లలో అంతే ఎక్కువ. ఛాతీలో పట్టేస్తే గ్యాస్, నడుము లాగితే వయసు, కాలు వాస్తే ఎక్కువసేపు కూర్చున్నందుకు. మొదటి తప్పులో నయమయ్యే నొప్పి నయం కాకుండా ఉండిపోతుంది. రెండో తప్పులో కాళ్లు చచ్చుబడే ప్రమాదాన్ని ఆపే అవకాశం చేజారిపోతుంది. రెండింటికీ మూలం ఒకటే. నొప్పిని పూర్తిగా వినకముందే దానికి పేరు పెట్టేయడం.

వినడానికి తెలుగు ఎంతో సాయం చేస్తుంది. నొప్పి అనే ఒక్క మాట కింద ఎన్ని మాటలున్నాయో చూడండి. సలుపు, పోటు, మంట, తీపు, పీకుడు, లాగుడు, గుంజుడు, తిమ్మిరి, నులి, మెలి, పట్టు. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ‘రాత్రంతా ఎముకలో సలుపుతోంది’ అన్న మనిషి, ‘కడుపులో మెలిపెడుతోంది’ అన్న మనిషి, ‘అరికాళ్లు మంటలు, సూదులు పొడిచినట్టుంది’ అన్న మనిషి మూడు వేర్వేరు చోట్ల నుంచి మాట్లాడుతున్నారు. ఆగకుండా ఒకే చోట సలపడం ఎముక నొప్పి స్వభావం. మెలిపెట్టి వదలడం పేగు, పిత్తాశయం, మూత్రనాళం లాంటి గొట్టాల స్వభావం. మంట, కరెంటు కొట్టినట్టు ఉండడం, చీమలు పాకినట్టు ఉండడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం నరాల స్వభావం. ‘పట్టేసింది’ అంటే చాలాసార్లు కండరం. వేలుతో నొక్కితే సరిగ్గా ఒక్క బిందువు దగ్గర ‘అదే, అదే’ అంటారు. వేడి నీళ్ల కాపడం, మెల్లగా మర్దన చేస్తే అది సడలుతుంది, మార్ఫిన్‌కు పెద్దగా లొంగదు.

విచారకరమైన సంగతేమిటంటే, రోగి ఇంత వివరంగా చెప్పిన మాట చీటీ మీదకు చేరేసరికి ‘పెయిన్’ అన్న ఒక్క ముక్కగా, పక్కన పదికి ఏడు అన్న అంకెగా మిగులుతుంది. అంకె అవసరమే, మందు పనిచేస్తోందో లేదో అది చెబుతుంది. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పేది మాత్రం ‘సలుపుతోంది’, ‘మెలిపెడుతోంది’ లాంటి క్రియాపదం. అది రోగి వాడిన మాటల్లోనే, అతని యాసలోనే రాసిపెట్టుకుంటే మరుసటి వారం వచ్చిన మరో నర్సుకు కూడా పనికొస్తుంది. నల్లగొండ మనిషి ‘గుంజుతుంది’ అన్నదీ, కోనసీమ మనిషి ‘పీకుతోంది’ అన్నదీ ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. చేత్తో చూపించమని అడగాలి. అరచేతితో పెద్ద చోటంతా రాస్తున్నారా, ఒక్క వేలు పెట్టి చూపుతున్నారా, గీతలా పక్కటెముకల చుట్టూ గీస్తున్నారా అన్నది కూడా సమాధానమే.

గీతలా గీసి చూపడానికి ఒక మంచి ఉదాహరణ సర్పి. కొన్ని ప్రాంతాల్లో దీన్నే అక్కి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ నరాల మూలాల్లో దాక్కుని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒకే నరం వెంట పైకి వస్తుంది. కీమోథెరపీ, స్టెరాయిడ్లు, జబ్బు ముగ్గురూ కలిసి దానికి దారి ఇస్తారు. చిక్కేమిటంటే పొక్కులు కనిపించడానికి రెండు మూడు రోజుల ముందే మంట మొదలవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మనిషికి ఒక పక్క ఛాతీ చుట్టూ మంట వస్తే, గడ్డ పక్కటెముకల్లోకి పాకిందనే ఎవరైనా అనుకుంటారు. మూడో రోజు చొక్కా విప్పి చూస్తే ఎర్రటి మచ్చల మీద నీటి పొక్కులు, శరీరం మధ్యగీత దగ్గర ఆగిపోయి కనిపిస్తాయి. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. జేగురు పూసి అక్కి రాయించుకోవడంలో ఆ మూడు రోజులు గడిచిపోతే, పొక్కులు మానినా నెలల తరబడి నరం మంట మిగులుతుంది. చొక్కా విప్పి చూడడం అనే పనికి పరికరం అక్కర్లేదు. రద్దీ క్లినిక్కుల్లో జరగనిది కూడా అదే.

నోరు కూడా అలాగే. తినలేకపోతున్నాడు, గొంతులో ముద్ద దిగడం లేదు అంటే అన్నవాహికలో గడ్డ పెరిగిందనుకుంటారు. టార్చి వేసి చూస్తే నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్ల పూత ఉంటుంది. అది ఫంగస్. ఆకలి కోసం, వాపు కోసం ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవారిలో మరీ ఎక్కువ. ఫంగస్ మందు వారం రోజులు ఇస్తే మనిషి మళ్లీ అన్నం తింటాడు. పుచ్చిన పన్ను, సరిపడని కట్టుడు పళ్ల సెట్టు రాసుకుని పడ్డ పుండు కూడా ఈ కోవలోవే. బరువు తగ్గాక పాత సెట్టు వదులైపోతుందని ఎవరికీ గుర్తుకు రాదు.

ఇక వెన్ను. తెలుగు నేల మీద దీని గురించి ఎక్కువగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ వెన్ను నొప్పికి ఉన్న కొన్ని కారణాలు బయటి దేశాల పాఠ్యపుస్తకాల్లో అంతగా కనపడవు. మొదటిది ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతపు పల్లెల్లోనే. ఆ తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటితే ఏళ్ల తరబడి తాగినవారి ఎముకలు దట్టంగా మారతాయి, కీళ్లను కట్టి ఉంచే తంతువులు సున్నంలా గట్టిపడతాయి, వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగుతున్నా, యాభై ఏళ్ల కిందటి బోరునీళ్లు ఎముకలో అలాగే ఉంటాయి. ఆ ఊళ్ల నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే, ఎక్స్‌రేలో తెల్లగా దట్టంగా కనిపించే వెన్నెముక రెండు కథలు చెబుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడు కూడా ఎముక తెల్లగానే కనిపిస్తుంది. తేడా ఏమిటంటే పాకిన క్యాన్సర్ మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఫ్లోరోసిస్ అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ముంజేయి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపించడం ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారన్నది ఇక్కడ పలకరింపు ప్రశ్న కాదు, వైద్య ప్రశ్న.

రెండోది క్షయ. కీమో, స్టెరాయిడ్లు నిద్రపోతున్న క్షయను లేపుతాయి, అది వెన్నెముకను పట్టుకోవచ్చు. స్కాన్‌లో చూసే రేడియాలజిస్టుకు ఒక పాత గుర్తు ఉంది. క్షయ రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌ను తినేస్తూ పక్క పూసకు వెళ్తుంది. పాకిన క్యాన్సర్ సాధారణంగా పూసను తిని డిస్క్‌ను వదిలేస్తుంది. ఇది నూటికి నూరు పాళ్లు నిజమయ్యే సూత్రం కాదు, అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి చూడాల్సిందే. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని నమ్మలేం. క్షయ అని తేలితే దానికి మందుంది, నయమవుతుంది. ముదిరిన క్యాన్సర్ ఉన్న మనిషికి నయమయ్యే జబ్బు ఒకటి దొరకడం చిన్న సంగతి కాదు.

మూడోది వయసుతో వచ్చే అరుగుదల. ఇది మెడలో, నడుములో ఎక్కువ. పడుకుంటే తగ్గుతుంది, వంగితే పెరుగుతుంది, ఏళ్ల తరబడి తెలిసిన నొప్పి. వీపు మధ్యలో కొత్తగా వచ్చిన నొప్పి, పడుకుంటే పెరిగే నొప్పి, దగ్గినా తుమ్మినా గుచ్చేది, నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు తిరిగేది, ఇవి వేరే జాతి. ముదిరిన క్యాన్సర్ ఉన్నవారిలో ఇలాంటి నొప్పితో పాటు కాళ్లు బరువెక్కడం, తిమ్మిర్లు, మూత్రం ఆగిపోవడం మొదలైతే వెన్నుపాము మీద గడ్డ ఒత్తుతోందన్నమాట. తెల్లారేదాకా ఆగే పని కాదు. వెంటనే స్టెరాయిడ్, ఒక రోజులోపు వెన్నంతా ఎం.ఆర్.ఐ., రేడియేషన్. నడుస్తూ ఆసుపత్రికి వచ్చినవారిలో ఎక్కువమంది నడక నిలుపుకుంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవారిలో తిరిగి నడిచేవారు చాలా కొద్దిమంది. ఇతర కారణాలను వెతకాలని చెప్పే వ్యాసం ఈ ఒక్క విషయంలో ఎదురుగా చెప్పాలి: ఇక్కడ క్యాన్సరే కారణమని ముందు అనుకుని, కాదని తేలాకే వయసు అనుకోవాలి.

కాళ్ల సంగతి వేరు. కటి భాగంలో క్యాన్సర్ ఉన్న స్త్రీకి ఒక కాలు వాచి నొప్పి పెట్టిందంటే కోస్తా జిల్లాల్లో వెంటనే వచ్చే మాట బోదకాలు. ఒంట్లోని ద్రవం పారే లింఫు మార్గం గడ్డవల్లో రేడియేషన్ వల్లో మూసుకుపోయి వచ్చే వాపు కూడా చూపుకు అలాగే ఉంటుంది. కానీ ఆ రెండూ నెమ్మదిగా, బరువుగా వస్తాయి. రెండు మూడు రోజుల్లో పిక్క బిగుసుకుని, వేడెక్కి, నొక్కితే ఓర్చుకోలేనంత నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. క్యాన్సర్ రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది, మంచానికి అంటుకుపోవడం ఇంకా నెడుతుంది. అలాంటి కాలికి నూనె రాసి గట్టిగా పిసకకూడదు. ఆ రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఛాతీలో పోటు, ఆయాసం, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. సిరలో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ పరీక్ష జిల్లా కేంద్రాల్లో ఇప్పుడు దొరుకుతోంది.

అరికాళ్ల మంటలకు అనుమానితులు చాలామంది. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ లాంటి క్యాన్సర్ మందులు నరాల చివరలను దెబ్బతీస్తాయి. చేతులకు గ్లౌజులు, కాళ్లకు మేజోళ్లు వేసుకున్నంత మేర తిమ్మిరి, మంట. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవారికి ఫ్రిజ్‌లో సీసా పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. కానీ 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు, మధుమేహం చేసే పనీ ఇదే. షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికి, క్యాన్సర్ వల్ల జీర్ణాశయం తీసేసినవారికి విటమిన్ బి12 తగ్గి కూడా ఇవే తిమ్మిర్లు వస్తాయి. బి12 ఇంజక్షన్ చౌక. ఆ ఒక్కటి వెతికి చూడకుండా మార్ఫిన్ పెంచడం న్యాయం కాదు.

చికిత్స తెచ్చే నొప్పులకు మరో మంచి లక్షణం ఉంది, అవి క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి. పాక్లిటాక్సెల్ ఎక్కించిన ఒకటి రెండు రోజులకు ఒళ్లంతా పులిసిపోయి వారంలోపు తగ్గుతుంది. తెల్లకణాలు పెంచే ఇంజక్షన్ల తర్వాత రొమ్ము ఎముక, నడుము పోట్లు. ఎముకల కోసం ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ తర్వాత రెండు మూడు రోజుల జ్వరం, ఒళ్లు నొప్పులు. అదే మందు ఏడాదులు వాడితే, పన్ను పీకించుకున్న చోట దవడ ఎముక మానకుండా ఉండిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వేసుకునే స్త్రీలలో దాదాపు సగం మందికి పొద్దున్నే వేళ్లు, మోకాళ్లు బిగుసుకుంటాయి. వాటిని ఎముకకు పాకిన జబ్బు అనుకుని రాత్రుళ్లు నిద్ర పట్టనివారు ఎందరో. ఎముకకు రేడియేషన్ ఇచ్చిన తొలి రోజుల్లో నొప్పి తగ్గేముందు కాస్త పెరగడం కూడా మామూలే. ముందే చెబితే ఆ పెరుగుదల భయంగా మారదు.

‘గ్యాస్’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. తెలుగువాళ్లు బొడ్డు పైనుంచి గొంతు దాకా ఎక్కడ ఏ ఇబ్బంది వచ్చినా వాడే మాట అది. దాని వెనక కాలేయం ఉబ్బి పైపొరను లాగుతుండవచ్చు, పిత్తాశయంలో రాళ్లు ఉండవచ్చు, గుండెపోటు కూడా కావచ్చు. క్యాన్సర్ ఉన్నవారికి గుండె జబ్బు రాదని రాసిపెట్టలేదు. ఇంకో కారణం మందుల డబ్బాలోనే ఉంటుంది. ఎముక నొప్పికి డైక్లోఫెనాక్, వాపుకు డెక్సామెథాసోన్, ఇవి రెండూ కలిసినప్పుడు కడుపులో పుండు, రక్తస్రావం ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. పైగా స్టెరాయిడ్ ఆ పుండు చిల్లు పడినా కడుపు బిగుసుకోకుండా దాచిపెడుతుంది. తారులా నల్లటి విరేచనం గురించి అడగాలి. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రల గురించి కూడా అడగాలి. అవి ఎవరూ చెప్పరు.

మార్ఫిన్ తానే నొప్పిగా మారే సందర్భాలు రెండున్నాయి. మూత్రపిండాలు మందగించిన రోగిలో దాని అవశేషాలు పేరుకుంటాయి. అప్పుడు నొప్పి ఒకచోటి నుంచి ఒళ్లంతా పరుచుకుంటుంది, తాకితే చాలు అరుస్తారు, కండరాలు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతుంటాయి, మాట తడబడుతుంది. మోతాదు పెంచిన కొద్దీ నొప్పి పెరుగుతోందంటే ఇది గుర్తుకు రావాలి. అక్కడ చేయాల్సింది పెంచడం కాదు. మోతాదు తగ్గించాలి లేదా మందు మార్చాలి, అదీ డాక్టరు చూసి చేయాలి. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నెలలుగా వాడుతున్న మాత్రలు అయిపోయి, ఆసుపత్రి దూరమై, రెండు రోజులు ఆగిపోతే ఒళ్లంతా లాగుళ్లు, కడుపులో మెలి, ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం వస్తాయి. జబ్బు విజృంభించిందని కుటుంబం భయపడుతుంది. నిజానికి మందు హఠాత్తుగా ఆగినందుకు శరీరం చేస్తున్న గోల అది. వంద కిలోమీటర్లు వచ్చి మాత్రలు తీసుకువెళ్లే మనిషికి నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికే ఇచ్చే పద్ధతి ఈ నొప్పిని సృష్టిస్తుంది.

రక్తంలో కాల్షియం పెరగడం ఇంకో మాయదారి సంగతి. దాహం, మలబద్ధకం, వికారం, మతిమరుపు, ఒంటి నొప్పులు కలిసి వస్తాయి. ఒక్క రక్త పరీక్షతో తేలుతుంది, సెలైన్‌తో, జోలెడ్రోనిక్ యాసిడ్‌తో దిగుతుంది.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్ ‘టోటల్ పెయిన్’ అన్న మాట ప్రచారంలోకి తెచ్చారు. శరీరం, మనసు, కుటుంబం, నమ్మకం నాలుగూ కలిసిన వేదన అని దాని భావం. పొలం అమ్మి వైద్యం చేయించుకుంటున్న రైతుకు, చిన్న కూతురి పెళ్లి కాకుండానే పోతానేమో అనుకునే తల్లికి రాత్రి రెండింటికి పెరిగే నొప్పిలో ఆ భాగం ఉంటుంది. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. మనసు కారణం అన్న మాటను కారణం దొరకనప్పుడు వాడే చివరి సాకుగా మార్చుకోకూడదు. ‘మనసు వల్లే’ అని పంపేసిన నొప్పి కింద నిండిన మూత్రాశయం ఉంటే అంతకంటే అన్యాయం లేదు.

ఇదంతా చెప్పాక ఒక అపార్థానికి తావివ్వకూడదు. కారణం తేలేవరకు నొప్పి మందు ఆపమని దీనర్థం కాదు. నొప్పి ఏ మూలం నుంచి వచ్చినా అనుభవించేవారికి ఒకే నరకం. మందు ఇస్తూనే వెతకాలి. మలబద్ధకం నొప్పి క్యాన్సర్ నొప్పి కంటే తక్కువది కాదు. ‘క్యాన్సర్ నొప్పి కాదట’ అని తేలగానే ఇంట్లోవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోవడం కూడా జరుగుతుంటుంది. అలాగే వెతకడానికీ హద్దుంది. నెలలు మిగిలి ఉన్న మనిషికి ఎం.ఆర్.ఐ. అర్థవంతం. రోజులు మిగిలిన మనిషిని అంబులెన్స్‌లో వందల కిలోమీటర్లు తిప్పడం అర్థవంతం కాదు. ఆ దశలో చెయ్యి, టార్చి, ప్రశ్న చాలు.

చివరి రోజుల్లో మాటలు ఆగిపోతాయి కాబట్టి ప్రశ్న కూడా పనిచేయదు. అప్పుడు నుదురు ముడిపడడం, పళ్లు బిగపట్టడం, పక్కకు తిప్పినప్పుడు మూలగడం, ఒక కాలిని మాత్రమే ముడుచుకోవడం చూడాలి. పిర్రల మీద, మడమల మీద పడక పుండ్లు ఉన్నాయేమో తిప్పి చూడాలి. స్పృహ తప్పుతూ, దుప్పటి లాగేస్తూ, లేచి కూర్చోబోతున్న మనిషి అవస్థను నొప్పి అని మార్ఫిన్, మతి తప్పడం అని నిద్రమందు ఇచ్చే ముందు బొడ్డు కింద చెయ్యి వేసి చూడాలి. అక్కడ గుండ్రంగా, గట్టిగా, నొక్కితే మొహం చిట్లించేలా తగిలితే మూత్రాశయం నిండి ఉంది. మార్ఫిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, పేగులో బిగుసుకున్న మలం, ఈ మూడింటిలో ఏదైనా మూత్రాన్ని ఆపగలదు. నర్సు పైపు వేస్తుంది. సంచి నిండుతుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు చూస్తుండగానే ముడిపడ్డ నుదురు వదులవుతుంది, బిగిసిన పిడికిలి తెరుచుకుంటుంది, మనిషి నిద్రలోకి జారుకుంటాడు.